పాత మిల్లుల నీలిపటాలు – మన కర్తవ్యం

మా తెలుగు సాయంకాలపు బడిలో నేర్చిన తెలుగు. చెప్పబోయే విషయం మాత్రం మనందరిది.

1834 నుండి ఒప్పందపు కూలీలుగా మారిషస్ వచ్చిన మనవారి రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నవి. వారు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. పేర్లు దక్కినవి, రేవు దక్కినది. మరి వారు బ్రతుకంతా గడిపిన చోటు ఏది? మన తాతలు తాబ్లిస్మాన్ అని పిలిచిన చక్కెర ఎస్టేటు. అక్కడ మిల్లు, దాని పక్కన కేంపు, బావి, చిన్న కోవెల ఉండేవి. మిల్లులు ఒకటొకటిగా మూతపడి, నేడు మూడే చెరకు ఆడుచున్నవి. బో ప్లాన్ మిల్లు 1999లో మూతపడినా, 2002లో మ్యూజియమై నిలిచినది. అన్నింటికి ఆ అదృష్టం లేదు. అనేకచోట్ల పొగగొట్టమొక్కటే మిగిలినది. కేంపు ఇండ్ల ఆనవాలే లేదు.

ఆ చోట్లకు మిగిలిన సాక్ష్యం పాత పటాలు. మూతపడిన మిల్లు ఆఫీసులలో పెద్ద పెద్ద చుట్టలుగా ఇవి దొరుకును. మేము చూచిన ఒక పటములో బాయిలరు గది నుండి పోవు కాలువ గీత కేంపును దాటి సాగినది. దాని వెంట వరుసగా గదులు, వాటి పొడవు వెడల్పులు. ఒక్క గదిలో ఎంతమంది ఉండిరో తాతలు చెప్పినారు. ఆ గది ఎంతటిదో పటము చెప్పినది.

ఇవి ఎక్కువగా నీలిపటాలు. ఈ పద్ధతిని 1842లో జాన్ హెర్షెల్ కనుగొన్నాడు. ఇనుప లవణాలు పూసిన కాగితముపై గీసిన ట్రేసింగ్ ఉంచి, ఎండ తగిలించి, నీటితో కడిగితే నేల నీలమై, గీతలు తెల్లగా నిలుచును. పటము ఎండకు పుట్టినదే గాని, ఎక్కువ వెలుతురుకు వెలిసిపోవును. క్షారమున్న కాగితమూ దానికి హాని. ట్రేసింగ్ బట్టకు గంజి పెట్టి ఉండును గనుక నీరు తగిలిన పాడగును. మన తుఫానులలో కప్పు లేచిన గదిలో ఇవి ఎన్నాళ్ళుండును?

కనుక చేయవలసినది మనవి చేయుచున్నాము. మొదట యజమాని అనుమతి పత్రము తీసుకొనవలెను. పుచ్చిన అంతస్తులు, ఆస్‌బెస్టాస్ దుమ్ము ఉండును గనుక పిల్లలను లోపలికి పంపరాదు. చుట్టను బలవంతముగా విప్పరాదు. టేపు అంటించరాదు, లామినేషన్ చేయించరాదు. పటము దొరికిన గది, బీరువా అప్పుడే వ్రాసికొనవలెను.

పెళుసైన పటమును రోలర్లు లాగుకొనే స్కానరులో పెట్టరాదు. బల్లపై పరచి, పైనుండి కెమెరాతో తీయుట మేలు. పక్కన కొలబద్ద, రంగుల పట్టీ ఉంచవలెను. లేనిచో తెరమీద కొలత, రంగు నిర్ధారించుట కష్టము. ఏ-జీరో సైజు పటము, అనగా 841 మిల్లీమీటర్లకు 1189, అంగుళానికి 300 చుక్కల చొప్పున తీసిన సుమారు 14 కోట్ల చుక్కలగును. రంగులతో, కుదించకుండా 420 మెగాబైట్లు. ఈనాడు అది పెద్ద ఖర్చు కాదు. మూడు ప్రతులు చేసి, ఒకటి వేరే ఊరిలో ఉంచవలెను. అసలు పటమును పారవేయరాదు. క్షారము లేని కాగితములో, చీకటిలో, పొడిచోట దాచవలెను.

ఆపైన పని బడిది. పెద్దలు పటము చూచి, ఏ వరుసలో ఎవరుండిరో, కోవెల ఏ మూలనుండెనో చెప్పుదురు. పిల్లలు తెలుగులో వ్రాసికొందురు. గీసిన ఇంజనీరుకు ఆ గదులు నంబర్లు మాత్రమే. వాటిలో ఉన్నవారి పేర్లు చెప్పగలవారు మన మధ్య ఇంకను కొద్దిమంది ఉన్నారు.

కనుక ప్రతి శాఖవారు తమ ఊరి పాత మిల్లు ఎవరి చేతిలో ఉన్నదో విచారించి, వచ్చే ఉగాదిలోగా పటాలు చూపుమని ఒక ఉత్తరము వ్రాయవలెనని మా ప్రార్థన. ఆ ఉత్తరము వ్రాయుటకు మా బడి పిల్లలు సిద్ధముగా ఉన్నారు.