నది గతమును గణించుట



మనవారు తరతరములుగా నివసించుచున్న ఈ చంద్రపురము ఇరై, ఝర్పట్ నదుల చెంత వెలసినది. ఇరై వార్ధాలో కలియును; వార్ధా, వైన్‌గంగలు ఏకమై ప్రాణహితయై, సిరొంచ సమీపమున గోదావరిని చేరును. ప్రాణహిత పరీవాహప్రాంతము సుమారు 1,09,000 చదరపు కిలోమీటర్లు. గోదావరి పరీవాహప్రాంతములో మూడవ వంతునకు మించినది. కావున ఇచట కురిసిన వాన భద్రాచలమున మన బంధువుల గుమ్మములను తాకగలదు.

భద్రాచలమున గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పొంగినది. ఆ 2022 జూలైలోనే మన ఇరై తీరపు పేటలలోనికిని నీరు వచ్చినది. ఇట్టి వరద ఎన్ని ఏండ్లకొకసారి వచ్చును? మన ఉపనదులను క్రమముగా కొలిచిన లెక్కలు కొన్ని దశాబ్దములవే. వానితో శతాబ్దపు వరదను నిర్ణయించుట, నాలుగు దినముల పద్దు చూచి సంవత్సరపు వ్యయము చెప్పుట వంటిది.

ఈ కొరత తీర్చుటకు శాస్త్రజ్ఞులు గణితముతో నదిని వెనుకకు నడిపించుచున్నారు. 1875 లో ఏర్పడిన భారత వాతావరణశాఖవారి వద్ద 1901 మొదలు దినవర్షపాతపు పట్టికలున్నవి. ఆ వానలో నేల పీల్చినదెంత, ఆవిరియైనదెంత, వాగులలో పారినదెంత అని జలనమూనా లెక్కకట్టును. ప్రవాహము కొలిచిన కొన్ని సంవత్సరములతో దానిని సరిదిద్ది, మిగిలినవానితో పరీక్షించి, నెగ్గినచో పూర్వకాలమునకు ప్రయోగింతురు. వర్షపు లెక్కలు లేని కాలమునకు వాతావరణ నమూనాలును, ప్రకృతి సాక్ష్యములును తోడగును. 1982 వరకు మన జిల్లాలోనిదైన ఆళ్లపల్లి అడవి టేకుచెట్ల వలయములలో పూనా శాస్త్రజ్ఞులు పూర్వపు వానల జాడ చూచిరి. గోదావరీముఖమున కెదురుగా సముద్రపుటడుగున పేరిన మట్టి, సుమారు 4,000 ఏండ్లనుండి ఈ భూమి పొడిబారుచు వచ్చినదని తెలిపినది.

ఇందొక చిక్కు కలదు. ఇరైపై జలాశయము నీటిని నిలుపుచున్నది. బొగ్గుగనులు నేల రూపు మార్చినవి. ఆ మార్పులను లెక్కలోనికి తీసికొనిననే సహజప్రవాహము తెలియును. మరియు నమూనా, ప్రవాహము ఇంతకు అంతకు మధ్య ఉండెనని చెప్పును గాని, మన వీధిలో నీరు ఏ మెట్టు వరకు వచ్చినదో చెప్పజాలదు.

అది చెప్పవలసినవారము మనమే. ఇంటిగోడలపై, గుడిమెట్లపై ఉన్న వరదగుర్తులను సున్నము వేయకమునుపే కొలిచి, సంవత్సరముతో సహా వ్రాసి ఉంచుదము. పెద్దల జ్ఞాపకములను, పాత ఖాతాపుస్తకములలోని తేదీలను వానికి జతపరచుదము. శాస్త్రజ్ఞుల లెక్కకు అది పరీక్ష. నదీతీరమున ఇల్లు కట్టదలచు మన పిల్లలకు, పునాది ఎంత ఎత్తున వేయవలెనో చెప్పు హెచ్చరిక.