మాట రాని బిడ్డ – మాట పడే తల్లి

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ సభలో స్కాలర్‌షిప్పుల గురించో, పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళ గురించో మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈసారి ఆటిజం ఉన్న పిల్లల గురించి, వాళ్ళను కన్నవాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాము. దీనికి కారణం ఒక వలీమా విందు.

ఆ విందులో మైకు గట్టిగా మోగుతోంది. అయిదేళ్ళ బాబు ఒకడు రెండు చెవులూ మూసుకొని, నేల మీద పడి దొర్లుతూ కేకలు పెట్టాడు. తల్లి ఎత్తుకోబోతే ఆమె చెయ్యి కొరికాడు. చుట్టూ ఉన్న మనవాళ్ళు ఏమన్నారు? "నజర్ తగిలింది" అని ఒకరు. "తల్లి గారాబం చేసి చెడగొట్టింది" అని ఒకరు. "ఇలాంటి పిల్లాణ్ణి నలుగురిలోకి తేవడమెందుకు" అని మరొకరు. దాచుకోవడం దేనికి, అన్నవారిలో మేమూ ఉన్నాము. ఆ తల్లి అన్నం ముట్టకుండా వెళ్ళిపోయింది. తర్వాత ఏ శుభకార్యంలోనూ కనబడలేదు. ఆరా తీస్తే ఆ బాబుకు ఆటిజం అని తెలిసింది. అప్పటినుంచి డాక్టర్లను, టీచర్లను అడిగి తెలుసుకున్నదే ఇవాళ మీ ముందు పెడుతున్నాము.

1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు పదకొండుమంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వివరించాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు, తల్లి ప్రేమ చాలకనే బిడ్డ ఇలా అవుతాడని పెద్ద చదువులవాళ్ళే రాశారు. అది శుద్ధ తప్పని తేలిపోయింది. బిడ్డ మెదడు ఎదిగే తీరులోనే తేడా ఉంటుంది. అందులో పుట్టుకతో వచ్చే జన్యు కారణాల పాలు ఎక్కువ. తల్లి పెంపకమూ కారణం కాదు, టీకాలూ కారణం కావు. టీకాకూ దీనికీ లంకె పెట్టిన 1998 నాటి వ్యాసాన్ని, అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. మనకు మామూలుగా వినబడే మైకు చప్పుడు ఇలాంటి బిడ్డకు చెవిలో మేకు కొట్టినట్టు ఉండవచ్చు. అది చెప్పుకోవడానికి మాట లేదు. అందుకే అరిచాడు.

దీన్ని తొందరగా గుర్తుపట్టడమే సగం పని. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నరకు కూడా కావలసిన వస్తువును వేలితో చూపించకపోవడం, రెండేళ్ళకు "పాలు కావాలి" వంటి రెండు మాటలు కలిపి అనకపోవడం, బొమ్మతో ఆడకుండా దాని చక్రాన్నే గంటలకొద్దీ తిప్పడం, వచ్చిన మాటలు మళ్ళీ పోవడం – వీటిలో ఏది కనబడినా పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ముందుగా చెవి పరీక్ష చేయించాలి. వినికిడి లోపం వల్ల కూడా మాట రాకపోవచ్చు.

కాని మన ఇళ్ళలో జరిగేది వేరు. "మగపిల్లలకు మాట ఆలస్యమే, వీడి అబ్బాకీ నాలుగేళ్ళకు గాని రాలేదు" అంటుంది దాదీ. దుఆ చేయించుకోవడం, దర్గాకు పోవడం ఎవరి విశ్వాసం వారిది, వద్దనడానికి మేమెవరము? తాయెత్తు కట్టి ఇంకో ఏడాది చూద్దాం అని మాత్రం అనవద్దు. బిడ్డకు నేర్చుకునే శక్తి బాగా ఉండేది ఆ లేత వయసులోనే.

ఇక చికిత్స. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. మూర్ఛ, నిద్రపట్టకపోవడం, తనను తాను కొట్టుకోవడం వంటివి ఉంటే డాక్టరు మందు ఇస్తారు. అసలు పని శిక్షణది. స్పీచ్ థెరపీలో మాట నేర్పుతారు. మాట రాని బిడ్డకు బొమ్మల కార్డులు ఇచ్చి, నీళ్ళ బొమ్మ చూపితే నీళ్ళు దొరుకుతాయని నేర్పుతారు. కార్డులు అలవాటైతే ఇక మాట రాదని భయపడనక్కర్లేదు. తనకు కావలసింది చెప్పుకోగలిగిన బిడ్డకు కోపం తగ్గుతుంది. ఆక్యుపేషనల్ థెరపీలో బొత్తాలు పెట్టుకోవడం, అన్నం తినడం, చప్పుళ్ళను తట్టుకోవడం నేర్పుతారు. పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు మెచ్చుకుంటూ నేర్పడం ఇంకో పద్ధతి. థెరపిస్టు దగ్గర గడిచేది వారానికి కొన్ని గంటలే. మిగతా కాలమంతా బిడ్డ ఇంట్లోనే ఉంటాడు కదా! అంచేత ఇంట్లోవాళ్ళూ నేర్చుకోవాలి. ఇది తల్లి ఒక్కతె మోసే బరువు కాదు.

మన ఇళ్ళకు ప్రత్యేకమైన సందేహం ఒకటుంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. "ఇన్ని భాషలవల్లే వీడికి మాట రాలేదు, ఉర్దూ మానెయ్యండి" అని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. రెండు భాషలు వినడంవల్ల ఇలాంటి పిల్లలకు నష్టం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు. నానీ పాడే జోలపాట ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండనివ్వండి.

నమ్మించి డబ్బు గుంజేవారితో జాగ్రత్త. స్టెం సెల్ చికిత్స అని లక్షలు అడుగుతారు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆటిజానికి దాన్ని ఆమోదించలేదు. అలాంటి మాటలు నమ్మి నగలు తాకట్టు పెట్టవద్దు.

సహాయం ఎక్కడ దొరుకుతుంది? సికింద్రాబాదు బోయినపల్లిలో, మనోవికాస్ నగర్‌లో, 1984లో స్థాపించిన కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఉంది. అక్కడ పరీక్షలు చేస్తారు, తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో సత్వర గుర్తింపు కేంద్రాలు పెట్టారు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. దూరం పోలేనివారు ముందు అక్కడే అడగవచ్చు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. మనవాళ్ళు సదరం అని పిలుచుకునే సర్టిఫికెట్టు, యు.డి.ఐ.డి. కార్డు తీసుకోవడానికి సిగ్గుపడకండి. "కాగితం తీసుకుంటే ముద్ర పడుతుంది, రేపు ఆడపిల్లకు సంబంధాలు రావు" అని ఆగిపోయిన ఇళ్ళు మాకు తెలుసు. ఆ కాగితం లేకపోతే పోయేది బిడ్డ హక్కే. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్టు నడిపే నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు వస్తుంది, థెరపీ ఖర్చుకూ అందులో చోటుంది. పద్దెనిమిదేళ్ళు నిండాక బిడ్డ తరఫున సంతకం పెట్టే అధికారం తల్లిదండ్రులకు దానంతట అదే ఉండదు. కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టి సంరక్షకులుగా నియమింపజేసుకోవాలి. "మా తర్వాత వీడి గతేమిటి" అని ప్రతి తల్లీ రాత్రిళ్ళు కుమిలే ప్రశ్నకు ఇదొక మొదటి జవాబు.

చట్టం చెయ్యలేనివి కొన్ని ఉన్నాయి. వాటిని మనమే చెయ్యాలి. ఇకమీదట మన సంఘం జరిపే ప్రతి సభలోనూ, విందులోనూ మైకుకు దూరంగా ఒక గది ఖాళీగా ఉంచాలని కోరుతున్నాము. ఈ కాగితాలు నింపిపెట్టడానికి చదువుకున్న కుర్రాళ్ళు ఇద్దరు ముందుకు రావాలి. ఖాలాలు, ఫుప్పీలు వారానికి ఒక్క పూట బిడ్డను చూసుకుంటే ఆ తల్లి కంటినిండా నిద్రపోతుంది. తండ్రులకు కూడా ఒక మాట: బిడ్డను ఆస్పత్రికి తీసుకుపోవడం ఆడవాళ్ళ పని అని తప్పుకోకండి.

ఆ వలీమా నాటి తల్లి ఇంటికి తర్వాత మేము వెళ్ళాము. క్షమించమ్మా అన్నాము. ఆమె చాయ్ ఇచ్చింది. బాబు మావైపు చూడలేదు గాని, మా చేతి గడియారం ముల్లును చాలాసేపు చూశాడు. వచ్చే పండుగ కలయికకు వాణ్ణి తీసుకురమ్మని పిలిచి వచ్చాము. "చూస్తాను భాయ్" అన్నది. రావడం ఆమె చేతిలో ఉంది. వచ్చినప్పుడు ఎలా చూసుకోవాలో మన చేతిలో ఉంది.