కోశము – జనపదము



మహారాజ్యము లేల వర్ధిల్లును, ఏల క్షీణించును అని యడిగినచో, సేనాబలమును రాజుల శౌర్యమును కారణములుగా జెప్పుట పరిపాటి. నేను చదువుకొన్న శాస్త్రమున వేఱొక మార్గము గలదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు అని రాజ్యమున కేడంగములు చెప్పి, ముందుదానికి గలిగిన కీడు తరువాతిదాని కీడుకంటె గురుతరమని నిర్ణయించెను. అనగా సేనకు ముందు కోశము. కోశమునకు ముందు జనపదము. ఈ క్రమమును మఱచిన రాజ్యమున కేమగునో స్పెయిను చరిత్ర చూపును.

1545లో దక్షిణ అమెరికాయందలి పొటోసీ కొండలో వెండిగనులు బయల్పడెను. ఓడలకొలది వెండి సెవిల్ రేవు చేరెను. అయినను రెండవ ఫిలిప్పు రాజు 1557, 1575, 1596 సంవత్సరములలో అప్పుల చెల్లింపు నిలిపివేసెను. ఇది వింతగాదా? వెండి పెరిగినకొలది ధరలును పెరిగి, నూఱేండ్లలో మూడు నాలుగు రెట్లయ్యెను. స్వదేశపు సరకు ప్రియమయ్యెను. పరదేశపు సరకు చౌకయయ్యెను. ఆ దేశపు ఉన్ని పరదేశముల కేగి, బట్టయై తిరిగివచ్చెను. వెండి దాని వెలయై వెడలిపోయెను. మిగిలినది యుద్ధములకును, జినోవా వడ్డీవ్యాపారులకును జెల్లెను. పైగా 1609 మొదలు 1614 వఱకు, ఇస్లామునుండి క్రైస్తవమునకు మార్పబడినవారి సంతతియగు మొరిస్కోలను సుమారు మూడు లక్షలమందిని వెడలగొట్టిరి. వారిలో నేర్పరులగు కృషీవలు లనేకులు. వలెన్సియా ప్రాంతమున ఎన్నో గ్రామములు పాడువడెను. జనపదము చెడిన పిమ్మట కోశ మెవరిని రక్షించును?

స్పెయినుపై 1568లో తిరుగబడి, 1648లో తన స్వాతంత్ర్యము నొప్పించుకొనిన హాలండునకు గనులు లేవు. చేపల వేట, ఓడల నిర్మాణము, నమ్మకమైన బ్యాంకు, తక్కువ వడ్డీ – ఇవియే దాని గనులు. 1602లో స్థాపింపబడిన డచ్చి కంపెనీ కొలది యేండ్లలోనే మన మచిలీబందరున కోఠీ తెరచి, తెలుగు సాలెలు నేసిన బట్టలను కొని, తూర్పు దీవులలో వానికి మారుగా సుగంధద్రవ్యములను గ్రహించెను. కాని యుద్ధపుటప్పుల వడ్డీకై పన్నులు పెరిగెను. పన్నులతో కూలియు, కూలితో సరకు వెలయు పెరిగెను. ధనవంతులు పరిశ్రమను విడిచి వడ్డీ నాశ్రయించి, ప్రతిస్పర్ధియగు ఇంగ్లండునకే అప్పిచ్చిరి. 1780లో ఆ ఇంగ్లండుతోనే యుద్ధము వచ్చి కంపెనీ నడుము విఱిగెను. 1799తో అది అంతరించెను.

అర్థమొక్కటియే సర్వకారణమని నా మతము గాదు. అయినను ఒక్కమాట గమనింపుడు. పొటోసీ గనులలో బలవంతపు పనికి లోనై ఆండీసు కొండల ప్రజలు వేలకొలది మడిసిరి. ఆ వెండి వారికిని దక్కలేదు, త్రవ్వించినవారికిని నిలువలేదు. దేశబలమును లెక్కింపగోరువారు బొక్కసము తలుపు తెరచుటకు ముందు నాగటిని, మగ్గమును, వానిని నడపు చేతులను జూడవలెను. ఆ చేతులకు బని లేనిచోట, నిండిన బొక్కసమును చిల్లికుండయే యగును.