గోరింటాకుతో జుట్టు నల్లబడదు! మరి ఆ "బ్లాక్ హెన్నా"లో ఏముంది?

ఈ రోజు టాపిక్ ఇంట్లో జుట్టుకి హెన్నా పెట్టుకోవడం. ఈ వీడియో చేద్దామనుకుంటూనే చాలాసార్లు వాయిదా వేశాను. ఎందుకంటే ఇందులో నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి. ముందు అది చెప్పేస్తా, తర్వాత పద్ధతిలోకి వెళ్దాం.

మాది ఏలూరు. అమ్మ పుట్టిల్లు కైకలూరు అవతల కొల్లేటి లంక ఊరు. అక్కడ అమ్మమ్మ పెరట్లో గోరింట చెట్టు ఉండేది. ఆషాఢం వస్తే ఆకు దూసి, కాస్త చింతపండు వేసి రోట్లో రుబ్బి అందరి చేతులకీ పెట్టేది. మిగిలిన ముద్ద పెద్దవాళ్ల తలకి. అమ్మకి తెల్లజుట్టు మొదలయ్యాక తనూ అదే అలవాటు చేసుకుంది. ముందు వైపు జుట్టు ఎర్రగా ఉండేది. నాకేమో అది పాతకాలం పద్ధతి అనిపించేది.

అక్క పెళ్లి తాడేపల్లిగూడెంలో. అప్పటికి నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా. "అమ్మా, ఫొటోల్లో ఆ ఎరుపు బాగోదు" అని నేనే ఒక ప్యాకెట్ కొని తెచ్చా. మీద ఆకు బొమ్మ, హెర్బల్ అని రాత, అరగంటలో నల్లని జుట్టు అని ఇంకో రాత. పెళ్లికి రెండు రోజుల ముందు నా చేత్తోనే పెట్టాను. నిజంగానే అరగంటలో నల్లబడింది. "చూశావా!" అన్నాను కూడా.

మర్నాటికి నుదురంతా దురద. పెళ్లి రోజు పొద్దునకి మొహం వాచిపోయి, కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. డాక్టర్ గారు అడిగిన మొదటి మాట, "ఆ ప్యాకెట్ ఏదీ?" అని. వెనక చిన్న అక్షరాల్లో పి.పి.డి. ఉంది. అప్పగింతలప్పుడు అమ్మ కళ్లు చూసి బంధువులంతా ఏడ్చి ఏడ్చి వాచాయనుకున్నారు. మేమూ ఏం చెప్పలేదు. ఆల్బమ్‌లో ఆ పేజీ వస్తే నేను ఇప్పటికీ గబగబా తిప్పేస్తా.

ఆఫీసులో ఒక బటన్ రంగు మార్చినా టెస్ట్ చేయకుండా రిలీజ్ చేసేవాళ్లం కాదు. అమ్మ తలకి పెట్టేదాని వెనక నాలుగు లైన్లు మాత్రం చదవలేదు. అందుకే ఈ వీడియో.

గోరింటాకుకి ఉన్నది ఒకటే రంగు

ఆకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది. మన జుట్టు, గోళ్లు, చర్మం పైపొర అన్నీ కెరటిన్ అనే ప్రొటీన్. లాసోన్ వెళ్లి ఆ కెరటిన్‌ని పట్టుకుంటుంది. అందుకే అరచేయి పండుతుంది, జుట్టూ పండుతుంది. వచ్చేది నారింజ నుంచి ముదురు ఎరుపు లోపే. తెల్లవెంట్రుక ఎర్రబడుతుంది. నల్లవెంట్రుకని బ్లీచ్ చేసే గుణం దీనికి లేదు కాబట్టి, దాని మీద ఎండలో కనిపించే ఎర్రని మెరుపు మాత్రమే వస్తుంది.

కాబట్టి ఏ హెన్నా అయినా ఒక్కటే అరగంటలో నల్లగా చేస్తోందంటే, అందులో ఇంకేదో కలిసినట్టే. చాలాసార్లు అది పి.పి.డి., అంటే పారా ఫినైలిన్ డయామిన్. మామూలు హెయిర్ డైలలో వాడేదే. అందరికీ పడకపోవడం ఉండదు. కానీ ఒకసారి అలర్జీ మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, తర్వాతిసారి ఇంకా ఎక్కువగా రావచ్చు. తిరునాళ్లలో చేతికి వేసే ఇన్‌స్టంట్ నల్ల కోన్లలో కూడా ఇది ఉండొచ్చు. పిల్లలకి అస్సలు వేయించకండి.

ప్యాకెట్ ఎలా చూడాలి?

ముందు వైపు బొమ్మ వదిలేయండి, వెనక్కి తిప్పండి. లాసోనియా ఇనర్మిస్ అని ఒక్క పేరే ఉండాలి. అది గోరింట శాస్త్రీయ నామం. పి.పి.డి., సోడియం పిక్రమేట్, ఏవైనా లోహ లవణాలు కనిపిస్తే షాపులోనే పెట్టేయండి. అసలు పదార్థాల లిస్టే లేకపోయినా కొనొద్దు. మన దగ్గర దొరికే పొడి ఎక్కువగా రాజస్థాన్ నుంచి వస్తుంది. అక్కడి సోజత్ మెహందీకి 2021లో జి.ఐ. గుర్తింపు కూడా వచ్చింది. మంచి పొడి మందమైన ఆకుపచ్చ రంగులో, ఎండుగడ్డి వాసనతో ఉంటుంది. చిలకపచ్చగా మెరిసిపోతుంటే అనుమానించండి.

కలపడం

భుజాల దాకా జుట్టుకి 100 గ్రాములు, నడుం దాకా ఉంటే 250 గ్రాములు అనుకోండి. గోరువెచ్చని నీళ్లతో దోసెల పిండి కంటే కాస్త గట్టిగా కలపాలి. మరిగే నీళ్లు వద్దు. ఒక చెంచా నిమ్మరసం చాలు. ఏలూరులో నిమ్మకాయలకి కొదవ లేదని నాలుగు పిండేయకండి, జుట్టు పీచులా ఎండిపోతుంది.

రాత్రంతా నానబెట్టమని అందరూ చెప్తారు. చలికాలంలో అది కరెక్టే. మన మే నెల ఎండల్లో మాత్రం నాలుగైదు గంటలు చాలు, ఎక్కువసేపు ఉంచితే రంగు బలం తగ్గుతుంది. ముద్ద పైపొర గోధుమ రంగుకి తిరిగి, లోపల పచ్చగా ఉంటే రెడీ అయినట్టు.

ఇనుప మూకుడులో టీ డికాషన్‌తో ఎందుకు కలుపుతారు అని చాలామందికి డౌట్. టీలో టానిన్ ఉంటుంది. టానిన్, ఇనుము కలిస్తే నల్లటి రంగు పుడుతుంది. కైకలూరు నుంచి గుడివాడ మీదుగా బందరు వైపు వెళ్తే పెడన వస్తుంది కదా, అక్కడి కలంకారీ వాళ్లు నలుపు తెచ్చేది ఇదే సూత్రంతో. బట్టకి కరక్కాయ పట్టించి, దాని మీద ఇనుప తుక్కు, బెల్లం పులియబెట్టిన నీళ్లతో అద్దుతారు. మూకుడులో కలిపితే ఎరుపు కాస్త ముదురుతుంది, అంతే. పూర్తి నలుపు రాదు. ఇలా ఇనుము తగిలిన జుట్టుకి తర్వాత పార్లర్‌లో బ్లీచ్ గానీ కలర్ గానీ వేయించేటట్టయితే ముందే వాళ్లకి చెప్పండి. లోహం, పెరాక్సైడ్ కలిస్తే జుట్టు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇంకో మాట, కొల్లేరు చుట్టుపక్కల ఉన్నవాళ్ల కోసం. చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే ఏం పెట్టినా జుట్టు బిరుసుగానే ఉంటుంది. కలపడానికీ, చివరి కడుగుకీ వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లు వాడి చూడండి. అమ్మమ్మ అయితే వాన నీళ్లు పట్టి ఉంచేది.

పెట్టడం

తలకి నూనె ఉండకూడదు. కుంకుడుకాయతో గానీ షాంపూతో గానీ స్నానం చేసి ఆరబెట్టండి. చేతికి గ్లోవ్స్, నుదురు అంచుకి కొబ్బరినూనె. పాయలు తీసి కుదుళ్ల నుంచి చివర దాకా మందంగా పెట్టి, కవర్ చుట్టండి. రెండు నుంచి నాలుగు గంటలు ఉంచండి. తర్వాత ఒట్టి నీళ్లతో కడగండి, రెండు రోజులు షాంపూ వద్దు. మొదటి రోజు తెల్లవెంట్రుకలు గుమ్మడిపండులా కనిపిస్తాయి. కంగారు పడొద్దు, రెండు మూడు రోజుల్లో ముదురుతుంది.

నలుపే కావాలంటే రెండో రౌండ్ ఉంది. హెన్నా కడిగాక నీలి ఆకు పొడి. ఇదీ ఒట్టి ఆకే అయి ఉండాలి. గోరువెచ్చని నీళ్లు, చిటికెడు ఉప్పుతో కలిపి, పదిహేను నిమిషాల తర్వాత వెంటనే పెట్టేయాలి, దాన్ని నిలవ ఉంచకూడదు. గంట, గంటన్నర ఉంచి కడగాలి. ఎరుపు మీద నీలం పడి నలుపు దగ్గరకి వస్తుంది. అంటే ఆకులతో నలుపు రావాలంటే దాదాపు ఒక పూట పడుతుంది. అరగంటలో రాదు.

కండిషనింగ్ సంగతి

హెన్నాలో పెరుగు, గుడ్డు కలుపుతుంటారు. లాసోన్ ప్రొటీన్‌ని పట్టుకుంటుందని చెప్పాను కదా? పెరుగు, గుడ్డు కూడా ప్రొటీనే. కొంత రంగు వాటికే పోతుంది. కాబట్టి రంగు కావాల్సిన రోజు అవి వద్దు. హెన్నా తర్వాత జుట్టు కాస్త పొడిబారడం మామూలే. మూడో రోజు నానబెట్టిన మెంతులు, మందార ఆకులు కలిపి రుబ్బి అరగంట పెట్టండి. ఆ జిగురే కండిషనర్.

చివరిగా, నేను ఆ రోజు చేయనిది

ఏది కొన్నా, చెట్టు నుంచి కోసినా సరే, కొంచెం ముద్ద మోచేతి మడతలో గానీ చెవి వెనక గానీ రాసి 48 గంటలు ఆగండి. దురద, ఎరుపు, పొక్కులు వస్తే అది మీకు పడదు. దువ్వెనలో రాలిన నాలుగు వెంట్రుకలకి కూడా పెట్టి రంగు చూసుకోండి. జి6పిడి లోపం ఉన్నవాళ్లకి గోరింటాకు వల్ల రక్తకణాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. వాళ్లు డాక్టర్‌ని అడగకుండా పెట్టుకోవద్దు, పసిపిల్లలకి కూడా పెట్టొద్దు. తలకి పెట్టాక మంట పుడితే టైమ్ అయ్యేదాకా ఓర్చుకోకండి, వెంటనే కడిగేయండి. మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ప్యాకెట్ కూడా పట్టుకెళ్లండి.

అమ్మ మళ్లీ ఒట్టి గోరింటాకుకే వచ్చేసింది. నీలి ఆకు కూడా వద్దంది. "ఎర్రగానే ఉండనీరా, ఎవరి కోసం" అంటుంది. ఇప్పుడు నెలకోసారి నేనే పెడతా. ముందు మోచేయి చాపి, "రాయి, నీ టెస్టింగ్ అయ్యాకే తలకి" అంటుంది. అవసరం లేకపోయినా రాస్తాను.

మీ ఇంట్లో ప్యాకెట్ ఉంటే ఇప్పుడే తీసి వెనక్కి తిప్పి చదవండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.