పోయినంత నీరు, తగినంత ఉప్పు

ఆర్మీ, పోలీసు సెలక్షన్ల కోసం నందిగాం, టెక్కలి, పలాస చుట్టుపక్కల పరుగు ప్రాక్టీసు చేసే అబ్బాయిలకూ అమ్మాయిలకూ, వాళ్ల ఇంట్లో పెద్దలకూ ఈ మాటలు. మన ఉద్దానంలో నీళ్ల మాటెత్తితే కిడ్నీ మాట వెంటే వస్తుంది. అందుకే నీళ్లు ఎన్ని తాగితే అంత మంచిదని ఒకరంటే, ఉప్పు జోలికే పోవద్దని ఇంకొకరంటారు. ఇన్ని కుటుంబాలు డయాలసిస్ కష్టం చూసిన చోట ఆ భయం న్యాయమైనదే. అయితే బాగా చెమటలు పట్టే మనిషి ఈ రెండు సలహాలనూ ఒకేసారి పాటిస్తే ప్రమాదం.

ఎందుకో చూడండి. రక్తంలో నీటిని నిలిపి ఉంచేది ముఖ్యంగా ఉప్పులోని సోడియం. అది లీటరు రక్తద్రవంలో 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉండాలి. లీటరు చెమట పోతే, మనిషిని బట్టి, సుమారు ఒక గ్రాము నుంచి నాలుగు గ్రాముల దాకా ఉప్పు పోతుంది. చెమట ఆరాక నల్ల బనీను మీద కనిపించే తెల్లటి చారలు ఆ ఉప్పే. పోయిన ఉప్పు తిరిగి రాకముందే దాహం లేకపోయినా బాటిళ్లకు బాటిళ్లు తాగితే సోడియం పలచబడి, నీరు కణాల్లోకి చేరి, మెదడు వాస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది. వాళ్లలో ఎక్కువగా కనిపించిన లక్షణం పరుగు ముగిసేసరికి బరువు పెరగడం, అంటే పోయినదానికంటే ఎక్కువ తాగడం. మరి ఉప్పు కలిపి తాగితే సరిపోదా అంటారేమో. స్పోర్ట్స్ డ్రింకుల్లో ఉండే సోడియం రక్తంలో ఉన్నదానికంటే చాలా తక్కువ కనుక, అతిగా తాగితే వాటితోనూ అదే గతి.

ఎంత తాగాలో తెలియడానికి కాటా చాలు. ప్రాక్టీసుకు ముందూ తర్వాతా, చెమట తుడుచుకుని, బరువు చూసుకోండి. 60 కిలోల మనిషి 59కి వస్తే దాదాపు లీటరు నీరు పోయినట్టు. అది కొన్ని గంటల్లో నిదానంగా తిరిగి అందాలి. బరువు పెరిగితే మాత్రం తాగడం తగ్గించాలి. పొద్దుటి పూట గంటలోపు పరుగుకు దాహమే మంచి కొలత, ఉప్పు బిళ్లలు అక్కర్లేదు. ఆ తర్వాత తాగే చోడంబలి, మజ్జిగ, తినే చారన్నంలోని నౌపడా ఉప్పే ఆ లోటు తీరుస్తుంది. ఎండలో రెండు మూడు గంటలు కష్టపడేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు నీటితోపాటు ఉప్పూ కావాలి, మజ్జిగలో కాస్త ఉప్పు వేసుకుని తాగడం మంచి పద్ధతి. విరేచనాలో వాంతులో కూడా ఉంటే ఓఆర్ఎస్ పొడి తీసుకోవాలి. అందులోని గ్లూకోజు సోడియాన్ని పేగు గోడ దాటిస్తుంది, నీరు దాని వెంటే వెళుతుంది. లీటరు నీళ్లకు ఉద్దేశించిన పొడిని గ్లాసు నీళ్లలో కలిపితే మాత్రం మేలుకు బదులు కీడే. మన కొబ్బరి బొండాం మంచిదే గానీ అందులో పొటాషియం ఎక్కువ, చెమటలో పోయే సోడియం తక్కువ. ఉప్పుకు అది బదులు కాదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఆ పొటాషియమే ముప్పు.

ఉప్పు బీపీ పెంచదా అన్న ప్రశ్న సరైనదే. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మన దేశంలో సగటు అంతకంటే ఎక్కువ. అందుకే చెమట పట్టని రోజు అదనపు ఉప్పు వద్దంటున్నాను. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు నీరూ ఉప్పూ డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఫలానాదే కారణమని ఇప్పటికీ తేలలేదు. ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బుకు ఎండలో గొడ్డుచాకిరీ, ఒంట్లో నీరు తగ్గడం ప్రధాన అనుమానాలు. నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందించే నాళాలను తెరిచి ఉంచే రసాయనాల్ని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు అడ్డుకుంటాయి. పరుగుకు ముందు కాళ్లనొప్పికని మందుల షాపులో బిళ్ల కొని వేసుకోవడం మానండి. కిడ్నీ జబ్బున్న ఇంటి పిల్లలైతే సెలక్షన్లకు తయారయ్యే ముందే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.