రోడ్డుకు అవతల పొలం



ఒంగోలు నుంచి నెల్లూరు పోయే పెద్ద రోడ్డు మీకు తెలుసు. అది 16వ నంబరు జాతీయ రహదారి. చెన్నైకీ కోల్‌కతాకీ మధ్య తిరిగే లారీలు ఈ దారినే పోతాయి. దాని పక్కన ఎన్నో ఊళ్ళు. ఇళ్ళు ఒక పక్క, పొలాలు ఇంకో పక్క. ఒకప్పుడు ఇది రెండు వరసల రోడ్డు. ఇప్పుడు ఆరు వరసలయింది. పొలం కదల్లేదు. రోడ్డే పెరిగింది.

తెల్లవారింది. ఒక అక్క కూలికి బయల్దేరింది అనుకోండి. చేతిలో అన్నం క్యారేజి. తలమీద కొంగు. అవతల మేస్త్రి కేకేస్తున్నాడు.

"ఏందమ్మా, పొద్దెక్కింది. తొందరగా రా!"

అక్క గబగబా రోడ్డెక్కింది. కారు ఎక్కడో దూరాన ఉంది కదా అనుకుంది. నిజంగా దూరమేనా? లెక్క చూద్దాం.

రోడ్డుకు ఒక పక్క మూడు వరసలు. వెడల్పు సుమారు 10 మీటర్లు. మామూలుగా నడిస్తే దాటడానికి సుమారు 10 సెకన్లు కావాల. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు వస్తుంది. 10 సెకన్లలో 220 మీటర్లు! రెండు వందల మీటర్ల దూరాన ఉన్న కారు, అక్క దాటకముందే మీదికొస్తుంది. చెయ్యెత్తితే ఆగుతుందిలే అనుకోకూడదు. బరువు లారీ బ్రేకు వేసినా ఉన్నచోటే ఆగదు.

మరి ఎట్టా దాటాల?

కింద దారి గానీ, పైన నడక వంతెన గానీ ఉంటే అక్కడే దాటాల. లేకుంటే రెండు వైపులా దూరం దాకా కనపడేచోట ఆగాల. కొంగు చెవుల మీద నుంచి తియ్యాల. గడ్డిమోపు కళ్ళకు అడ్డం రాకూడదు.

మన దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి. అందుకే ముందు కుడివైపు చూడాల. తర్వాత ఎడమవైపు. మళ్ళీ కుడివైపు. ఎదురు దారిలో వచ్చే మోటారు సైకిళ్ళూ ఉంటాయి. రెండు వైపులా చూడటం మానొద్దు.

సగం దాటాక నడుమ దిమ్మె మీద ఆగాల. అక్కడ గన్నేరు మొక్కలుంటాయి. మొక్కల చాటున నిలబడితే డ్రైవరుకు మనిషి కనపడదు. కనపడేచోట నిలబడి, ఈసారి ఎడమవైపు ముందు చూడాల. ఆ సగంలో బండ్లు అటునుంచి వస్తాయి.

బస్సు దిగితే దాని ముందు నుంచి దాటొద్దు. బస్సు వెళ్ళిపోనివ్వాల. బిడ్డను వేలు కాదు, మణికట్టు పట్టుకోవాల. చీకటి పడితే సెల్‌ఫోను లైటు వేసుకోవాల. సగంలో భయపడి వెనక్కి పరుగెత్తకూడదు. ఎవరికైనా దెబ్బ తగిలితే 108కి ఫోను చెయ్యాల.

"కింద దారి చుట్టు తిరుగుడు. వాన నీళ్ళు నిలుస్తాయి. దీపం లేదు. ఆలస్యమైతే కూలి పోతుంది" అంటుంది అక్క. ఆ మాట నిజమే. ఒక్కతే ఆలస్యంగా పోతే మేస్త్రి వెనక్కి పంపుతాడు. పదిమందీ కలిసి, "మేమంతా కింద దారినే వస్తాం, పావుగంట ముందే బయల్దేరతాం" అంటే ఎవరిని పంపుతాడు?

ఇంకో పని కూడా ఉంది. గ్రామసభలో అర్జీ పెట్టాల. 'కింద దారిలో నీళ్ళు తీయించండి, దీపాలు వేయించండి' అని రాయాల. పంచాయతీ తీర్మానం చేసి కలెక్టరు గారికి పంపమని అడగాల.

రాయడం ఇప్పుడు మీకు వచ్చు. అర్జీ మీరే రాయండి. కింద వేలిముద్ర వద్దు. ఒక్కొక్కరూ మీ పేరు రాసి సంతకం పెట్టండి.