కళాయి నుంచి చిప్పు దాకా: పని నేర్పే దానం

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సరుకుల పంపిణీ, పిల్లల ఫీజులు, వైద్య సాయం లెక్కలు కార్యదర్శిగారు మీ ముందు పెడతారు. మేం ఈ పూట ఒక పనిముట్టు గురించి చెప్పదలిచాం. సెల్‌ఫోన్ రిపేరు కొట్లలో దాన్ని హాట్ ఎయిర్ మెషిన్ అంటారు. బోర్డుకు అతికి ఉన్న చిప్పును వేడిగాలితో ఊడదీసే యంత్రం. ధర కొన్ని వేల రూపాయలు. దాతల సభలో దీని ముచ్చట ఎందుకంటారా, వినండి.

మన ఆగిరిపల్లి, నూజివీడు ప్రాంతంలో ఎంతోమంది కుర్రాళ్లకు మామిడే కూడు పెడుతోంది. కాయ కోయడం, ఏరడం, పెట్టెల్లో సర్దడం, లారీకి ఎత్తడం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా చేతినిండా పని. బంగినపల్లి అయిపోయి, రసాలు కూడా వెళ్లిపోయాక తోటలో పిలిచేవారుండరు. పూత నిలవని ఏడు ఆ మూడు నెలల పనీ సగమే. అలాంటి ఇంటికి రంజాన్‌లో మనమిచ్చే సరుకులు ఆ నెల గడుపుతాయి. మళ్లీ రంజాన్ నాటికి అదే ఇల్లు, అదే పేరు మన జాబితాలో ఉంటుంది. ఆ పేరును జాబితా నుంచి గౌరవంగా దాటించడం ఎలా? ఈ ప్రశ్నకు జవాబు మనకు కొత్తది కాదు.

ప్రవక్త ముహమ్మద్ (స) వద్దకు ఒక అన్సారీ సహాయం అడగడానికి వచ్చిన సంగతి అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఇంట్లో ఏముందని అడిగితే ఒక ముతక గుడ్డ, ఒక గిన్నె ఉన్నాయన్నాడు. ప్రవక్త (స) వాటిని తెప్పించి రెండు దిర్హములకు అమ్మించారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, రెండో దానితో గొడ్డలి. ఆ గొడ్డలికి స్వయంగా పిడి తొడిగి, కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజులు నాకు కనబడవద్దు అని పంపారు. అతను పది దిర్హములు సంపాదించుకుని వచ్చాడు. గమనించండి: ముందు ఇంటికి తిండి, ఆ వెంటనే పనిముట్టు. రెండూ కావాలి.

ఈ కాలపు గొడ్డళ్లలో హాట్ ఎయిర్ మెషిన్ ఒకటి. ఈ పని మన ఇళ్లకు మరీ పరాయిదీ కాదు. వీధుల్లో తిరిగి ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి వేసిన సాయిబులు ఇక్కడి పెద్దలకు గుర్తుండే ఉంటారు. గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం రుద్ది, దూదితో తుడిచేవారు. నవాసాగరం లోహం మీది మురికిని విరిస్తేనే తగరం పట్టేది. స్టీలు గిన్నెలు వచ్చి ఆ పొయ్యి ఆరిపోయింది. ఫోను బోర్డు మీద చిప్పును పట్టి ఉంచేదీ ఆ తగరమే. నవాసాగరం చేసిన పనిని ఇక్కడ ఫ్లక్స్ పేస్ట్ చేస్తుంది. తొలిబొగ్గుల వేడి బదులు నాజిల్ నుంచి వచ్చే గాలి, అంతే.

పని తీరు కూడా క్లుప్తంగా చెబుతాం. మీ డబ్బు దేనికి పోతుందో మీకు తెలియాలి. ముందు బ్యాటరీ తీసెయ్యాలి, వేడి తగిలితే అది మండుతుంది. పక్కనున్న ప్లాస్టిక్ భాగాలకు వేడి తట్టుకునే టేపు అంటించాలి. చిప్పు చుట్టూ పేస్ట్ రాసి, గాలి తగ్గించి, నాజిల్‌ను ఒకేచోట నిలపకుండా గుండ్రంగా తిప్పుతూ ముందు బోర్డునంతా కాస్త వెచ్చబెట్టాలి. సీసం కలిసిన పాత టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 2006లో ఐరోపా సీసం మీద ఆంక్షలు పెట్టాక వాడుకలోకొచ్చిన తగరం, వెండి, రాగి టంకానికి సుమారు 217 డిగ్రీలు కావాలి. బోర్డు వేడిని లాగేసుకుంటుంది గనుక యంత్రం మీద అంతకంటే చాలా ఎక్కువ పెడతారు. చిమటాతో తాకితే చిప్పు తనంతట తాను కదలాలి. అప్పుడే ఎత్తాలి. కరగకముందే లాగితే కింది రాగి చుక్కలు ఊడి వస్తాయి, బోర్డు పోయినట్టే. పెయింటు వలిచే పెద్ద గన్ను చవకని తెచ్చి వాడితే దాని గాలికి చిన్న భాగాలు ఎగిరిపోతాయి.

ఇది ఒక రోజులో వచ్చే విద్య కాదు. ఎన్నో పాడైన బోర్డుల మీద చెయ్యి తిరగాలి. వచ్చాక ఫోన్లే కాదు, టీవీ, ఇన్వర్టర్, తోటలో మోటారు స్టార్టర్ బోర్డు కూడా బాగుచేయవచ్చు. మామిడి ఉన్నా లేకపోయినా ఇవి చెడుతూనే ఉంటాయి.

రెండు షరతులు మాత్రం మేం పెడుతున్నాం. ఒకటి ఆరోగ్యం. పేస్ట్ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, సీసం చేతుల ద్వారా నోట్లోకి పోతుంది. పొగ లాగే ఫ్యాను, కళ్లద్దాలు లేకుండా యంత్రం ఇవ్వకూడదు. పని చేసిన చేతులు కడగకుండా అన్నం ముట్టకూడదు. రెండోది అమానత్. రిపేరుకొచ్చిన ఫోనులో ఒక ఇంటి ఆడవాళ్ల ఫోటోలు, బ్యాంకు సంగతులు ఉంటాయి. అవి తెరిచి చూడనని మాట ఇచ్చినవాడికే పని నేర్పాలి. చెయ్యి ఎంత నేర్పరిదైనా, నమ్మకం పోతే కొట్టు నిలవదు.

ఇక దానం సంగతి. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడి సొంతం కావాలి. కాబట్టి అర్హుడైన కుర్రాడి పేరున కొని అతని చేతికే ఇచ్చే యంత్రానికి జకాత్ వాడవచ్చు. అందరూ కలిసి నేర్చుకునే గది అద్దె, ఉస్తాద్ జీతం, ఉమ్మడి యంత్రాలకు అది చెల్లదు. వాటికి సదఖా, లిల్లాహ్ సొమ్ము కావాలి. ఈ రెండు ఖాతాలు వేర్వేరుగా రాస్తాం. మీరిచ్చేటప్పుడు ఏ ఖాతాకో చెప్పండి.

రూపాయి ఇవ్వలేనివారు మూలన పడేసిన ఫోన్లు, టీవీ బోర్డులు తెచ్చివ్వండి. నేర్చుకునేవాడికి అవే పలకాబలపాలు. మెమరీ కార్డు, సిమ్ము తీసి, ఫోను పనిచేస్తుంటే లోపలివి చెరిపి మరీ ఇవ్వండి. పనికిరాని బోర్డులను మేం కాల్చం, చెత్తకుప్పలో వేయం, అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల కేంద్రాలకే పంపుతాం. చేతిలో పని ఉన్న పెద్దలు వారానికి ఒక పూట వచ్చి నేర్పితే అదీ సదఖాయే.

సరుకుల సంచి ఆపమని మేం అనడం లేదు. ఆకలి ఆగదు. ఆ సంచితో పాటు, ఈ ఏడు కొందరు కుర్రాళ్ల చేతికి పనిముట్టు కూడా అందాలి. ఇవాళ తీసుకున్న చెయ్యి రేపు ఇదే సభలో ఇచ్చే చెయ్యి కావాలని అల్లాహ్‌ను వేడుకుంటున్నాం.